వినతాదాస్యము మొదలు వెట్టిచాకిరి వరకు

మానవులు కాని జాతులు మన కథలలో కొల్లలుగా గలవు. నాగులు, పక్షులు, యక్షులు, రాక్షసులు, భూతములు, బేతాళులు – ఇట్లు ఒక్కొక్క జాతికి ఒక్కొక్క లోకమును, ఒక్కొక్క ధర్మమును పెద్దలు కల్పించిరి. గ్రంథాలయమునకు వచ్చి కాశీమజిలీ కథల సంపుటమును అడిగి తీసికొనిపోవు బాలుడు ఆ లోకములలోని వింతలను చూచి ఆనందించును. కాని ఆ లోకములందును కొందరు ఏలికలు, కొందరు దాసులు నను సంగతి అతని కంటికి వెంటనే కనబడదు. మేడ కట్టుమన్నంతనే రాక్షసుడు కట్టును. పల్లకి మోయుమన్నంతనే భూతము మోయును. ఆ భూతమునకు కూలి యెవరిచ్చిరి? అది ఏల మోయవలెను? మోయనని చెప్పుటకు దానికి హక్కు కలదా?

ఇవి చిన్నపిల్లల ప్రశ్నలవలె తోచును. కాని మన ప్రాచీనులు ఈ ప్రశ్నలనే పక్షుల నోటను, యక్షుల నోటను పలికించిరి. మనుష్యుల మధ్య నున్న దాస్యమును గూర్చి సూటిగా మాటాడుట కష్టమైన కాలములలో, మనుష్యులు కాని వారి కథ చెప్పి, వినువాడు తనంతట తాను గ్రహించునట్లు చేసిరి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతముల వారికి ఈ కథలు వట్టి వినోదములు కావు. వెట్టిచాకిరి యనునది ఇచ్చటి పెద్దల జ్ఞాపకములలో నేటికిని మాసిపోని మచ్చ. కావున ఆ కథలను, ఈ చరిత్రను పక్కపక్కన పెట్టి చూచుట ఉచితము.

పందెములో పుట్టిన దాస్యము

దాస్యకథలలో మొదట చెప్పదగినది గరుడోపాఖ్యానము. వ్యాసభారతము ఆదిపర్వమున నున్న ఈ కథను, పదునొకండవ శతాబ్దిలో రాజమహేంద్రవరమున రాజరాజనరేంద్రుని కొలువున నన్నయభట్టారకుడు తెనుగున రచించెను. తెలుగు కావ్యభాష తొలినాళ్లలోనే ఎన్నుకొన్న కథలలో ఒక తల్లి దాస్యము, ఆమె కుమారుడు దానిని తొలగించుట యుండుట గమనింపదగినది.

కశ్యపప్రజాపతి భార్యలు కద్రువ, వినత. కద్రువకు వేయిమంది నాగులు పుట్టిరి. వినతకు రెండు అండములు గలిగెను. సవతి బిడ్డలను చూచి ఓర్వలేక వినత ఒక అండమును ముందుగా చిదిపెను. అందుండి తొడలు లేని అనూరుడు పుట్టి, తన్ను వికలునిగా జేసిన తల్లిని ఏనూరేండ్లు సవతికి దాసివి కమ్మని శపించెను. రెండవ అండమును కాపాడుకొన్నచో అందు పుట్టువాడు నీ దాస్యమును బాపునని యూరడించెను.

తరువాత అక్కచెల్లెండ్రు ఉచ్చైశ్శ్రవమును చూచిరి. గుఱ్ఱమంతయు తెలుపని వినత యనెను. తోక నలుపని కద్రువ యనెను. ఓడినవారు గెలిచినవారికి దాసి కావలెనని పందెము. పొద్దుపోయినందున పరీక్షను మరునాటికి వాయిదా వేసిరి. ఆ రాత్రి కద్రువ తన కుమారులను పిలిచి, గుఱ్ఱపు తోకను నల్లని వెండ్రుకలవలె చుట్టుకొనుమని ఆజ్ఞాపించెను. అది అధర్మమని వారు వెనుదీయగా, జనమేజయుని సర్పయాగమున పడి చత్తురుగాకయని శపించెను. కర్కోటకుడు భయపడి ఆ పని చేసెను. మరునాడు తోక నల్లగా కనబడెను. వినత దాసి యయ్యెను.

లెక్క తెలిసినవాడు ఈ కథను చదివినచో ఒక సంగతి స్పష్టముగా చూచును. ఈ అప్పు మొదటి పద్దులోనే దొంగలెక్క యున్నది. వినత ఓడలేదు; ఓడినట్లు వ్రాయబడినది. ఆ తప్పుడు పద్దు మీద ఏనూరేండ్ల చాకిరి నిలిచినది. కద్రువ ఒక్క వినతకే అన్యాయము చేయలేదు. మోసము చేయమని కాదన్న తన బిడ్డలను సైతము శపించెను. యజమాని తన ఇంటివారిని గూడ పాడుచేసికొననిదే దాస్యము నిలువదని కథకుడు సూచించినట్లున్నది.

పుట్టుకతో వచ్చిన బరువు

అటుపిమ్మట రెండవ అండమునుండి గరుడుడు పుట్టెను. ఆతడు పందెము కాయలేదు. గుఱ్ఱమును చూడనైన లేదు. అయినను తల్లి దాసి కాగా కొడుకును దాసుడే యయ్యెను. నాగులను వీపున నెక్కించుకొని దీవులు, వనములు తిప్పుట అతని పని. ఒకమారు సూర్యమండలము దాపునకు ఎగిరినపుడు నాగులు కమిలి మూర్ఛపోయిరి. కద్రువ ఇంద్రుని ప్రార్థించి వాన కురిపించి, బిడ్డలను బ్రతికించుకొనెను. అటుపై నాగులు మరియొక రమ్యమైన చోటికి మోసికొనిపొమ్మనిరి. అప్పుడు గరుడుడు తల్లికడకు పోయి, వీరు చెప్పినదెల్ల తానేల చేయవలెనని యడిగెను.

కథ యంతయు ఈ ప్రశ్నమీద తిరుగును. అంతవరకు మోసినవాడు బలహీనుడు కాడు. లోకములను గడగడలాడించు రెక్కలు గలవాడు. బలము లేక మోయలేదు. కారణము అడుగక మోసెను. అడిగిన మరుక్షణమున తల్లి పందెపు మోసము చెప్పెను. అతడు నేరుగా నాగులకడకు పోయి, తమ దాస్యము తీరుటకు ఏమి తేవలెనని బేరమాడెను. అమృతము తెమ్మని వారనిరి. ఇదే భారతమున సభాపర్వములో ద్రౌపదియు, తన్నోడి నన్నోడెనా, నన్నోడి తన్నోడెనా యని పందెపు న్యాయమును ప్రశ్నించినది. పక్షి యడిగిన ప్రశ్నకును, మహారాణి యడిగిన ప్రశ్నకును మూలమొక్కటే.

ధర్మశాస్త్రములు ఈ విషయమును ఎరుగనివి కావు. నారదస్మృతి దాసులను పదునైదు విధములుగా లెక్కించినది. ఇంట పుట్టినవాడు, కొనబడినవాడు, దానముగా వచ్చినవాడు, వారసత్వముగా సంక్రమించినవాడు, ఋణముచే కట్టుబడినవాడు, యుద్ధమున చిక్కినవాడు మొదలగువారితో పాటు పందెమున గెలువబడినవాడును అందున్నాడు. వినత ఈ చివరి తరగతిది. గరుడుడు మొదటి తరగతివాడు. విడుదల చేయు పద్ధతియు ఆ స్మృతియే చెప్పినది. యజమాని దాసుని భుజముమీది నీటికుండను దించి పగులగొట్టి, అక్షతలు పూవులు కలిసిన నీరు అతని తలపై చల్లి, ఇతడు దాసుడు కాడని ముమ్మారు పలుకవలెను. మోయవలసిన కుండ పగిలినగాని దాస్యము పోదని ఆ కాలపువారికి తెలిసియుండెను. కాని ఆ కుండను పగులగొట్టు అధికారమును యజమాని చేతిలోనే యుంచిరి. గరుడుని కథ అంతకంటె ఒక అడుగు ముందున్నది. ఇందు విడుదలను అడిగినవాడు దాసుడే.

చెల్లు వ్రాసిన తీరు

గరుడుడు దేవతలను గెలిచి అమృతకలశమును పట్టుకొని వచ్చుచు, ఒక్క చుక్కయైన తాను త్రాగలేదు. విష్ణుమూర్తి ఆ నిగ్రహమునకు మెచ్చి వరమడుగుమనెను. అమృతము త్రాగకయే జరామరణములు లేకుండుటను, విష్ణువునకు పైన నుండుటను గరుడుడు కోరెను. పిమ్మట నీవును నన్నొక వరమడుగుమని విష్ణువునే యడిగెను. విష్ణువు తనకు వాహనము కమ్మని కోరి, ధ్వజముమీద స్థానమిచ్చెను.

ధర్మపురి నరసింహస్వామి సన్నిధికి పోయివచ్చు మన ప్రాంతపు భక్తులు గరుడుని అంజలి ఘటించిన రూపమునే ఎరుగుదురు. కాని ఆ అంజలి వెనుక నున్న ఒప్పందమును మరువరాదు. నాగులను మోయనన్న రెక్కలే నారాయణుని మోయుటకు ఒప్పుకొన్నవి. మోయుటలో తేడా లేదు. ఒప్పుకొనుటలో తేడా యున్నది. ఒకచోట మోసపు పద్దు, మరియొకచోట ఉభయులు ఇచ్చిపుచ్చుకొన్న వరములు. హనుమంతుడు తన్ను తాను రామదాసునిగా చెప్పుకొనుటయు ఈ రెండవ తరగతిలోనిదే. అతనిని ఎవరును కొనలేదు, గెలువలేదు. సేవకును దాస్యమునకును నడుమ నున్న గీత ఇచ్చట తేటపడుచున్నది.

ఇక నాగులకు అమృతమిచ్చిన తీరు చూడవలెను. దర్భలమీద కలశముంచి, చెప్పినది తెచ్చితిని, నేటినుండి నా తల్లి దాసి కాదు, మీరు స్నానము చేసివచ్చి త్రాగుడని గరుడుడు పలికెను. వారు అట్లే యనిరి. వారు స్నానమునకు పోయిన సమయమున, ముందే మాటాడుకొన్న ప్రకారము ఇంద్రుడు అమృతమును ఎత్తుకొనిపోయెను. నాగులు దర్భలను నాకగా నాలుకలు చీలెను. మోసముతో వ్రాసిన అప్పునకు చెల్లును గూడ అక్షరము తప్పకుండ, ఫలము దక్కకుండ వ్రాసిరి. ఇది ధర్మమా యని అడుగువారుందురు. అసలే లేని అప్పు చెల్లవలసిన అవసరమేమి యని బదులు చెప్పువారును ఉందురు.

కథలో చెల్లని పద్దు

ఈ కథను పొగడువారు సాధారణముగా దాటిపోవు ఘట్టము ఒకటి కలదు. అమృతమునకై బయలుదేరుచు ఆకలియన్న కొడుకునకు, సముద్రమధ్యమున నివసించు నిషాదులను తినుమని వినత చెప్పెను. వారిలో బ్రాహ్మణుడున్నచో విడువుమనెను. గరుడుడు వేలకొలది నిషాదులను మ్రింగెను. గొంతు మండగా బ్రాహ్మణుడు పడెనని యెరిగి బయటికి రమ్మనెను. ఆ బ్రాహ్మణుడు, నా భార్య నిషాదస్త్రీ, ఆమెతో గూడ నన్ను విడువుమని కోరెను. గరుడుడు ఇద్దరిని విడిచెను.

తన తల్లి దాస్యమును చూచి మండిపడిన గరుడుడు, తనకేమియు అపకారము చేయని ఒక జాతిని ఆహారముగా జేసికొనెను. నిషాదులకు మాత్రము ఏ తల్లి లేదా? వారిలో ప్రాణముతో బయటపడిన ఒక్క స్త్రీయు, తనవాడొకడు గొంతులో నిలిచి ఆమె కొరకు మాటాడుటచే బ్రతికెను. మిగిలినవారి తరపున మాటాడువారు లేకపోయిరి. విముక్తి పొందువాడు తనకంటె క్రిందివానిని మ్రింగుట చరిత్రలో పెక్కుసార్లు జరిగినది. కథకుడు దీనిని దాచక వ్రాసినందుకు కృతజ్ఞులమై, సమర్థింపక చదువుట మన విధి.

యక్షుల శాపము

మన ప్రాంతమునకు సంబంధించిన దాస్యకథ మరియొకటి కలదు. గోదావరి యొడ్డున ధర్మపురికి సమీపమున నున్న కోటిలింగాల శాతవాహనుల తొలినాటి స్థలము. ఆ వంశమునకు మొదటివాడైన సిముకుని నాణెములు అచ్చట దొరకినవి. ఒక శాతవాహనరాజు ఆస్థానమున గుణాఢ్యుడు పైశాచీభాషలో బృహత్కథ రచించెనని ప్రసిద్ధి. ఆ మూలము నశించినది. పదునొకండవ శతాబ్దిలో కాశ్మీరమున సోమదేవుడు రచించిన కథాసరిత్సాగరము దాని సంస్కృతరూపములలో ఒకటి.

ఆ గ్రంథపు పీఠికాకథ సేవకులను గూర్చినదే. శివుడు పార్వతికి రహస్యముగా చెప్పిన కథలను పుష్పదంతుడను గణము చాటున విని తన భార్యకు చెప్పెను. పార్వతి కోపించి అతనిని మనుష్యుడవు కమ్మని శపించెను. మాల్యవంతుడను మరియొక గణము, తోటివానిని క్షమింపుమని వేడుకొనెను. ఆ వేడుకొన్నందుకే వానికిని శాపము తగిలెను. ఆ మాల్యవంతుడే గుణాఢ్యుడై పుట్టెను.

పుష్పదంతుడు చేసినది తప్పు కావచ్చును. మాల్యవంతుడు చేసిన తప్పేమి? ఒక సేవకుని కొరకు మరియొక సేవకుడు నోరు తెరచుటయే. ఈ నీతి దొరల గడీలున్న ఊళ్లలో ఎవరును పుస్తకము చదివి నేర్చుకొనలేదు. ఒకనికి పడిన దెబ్బలను ఆపబోయినవానికి రెండింతలు పడుట వారు కండ్లార చూచినదే. అయినను, శాపగ్రస్తుడైన ఆ రెండవ సేవకుని వలననే లోకమునకు కథలు దక్కినవని చెప్పుట పూర్వుల ఔదార్యము.

అడిగినదెల్ల ఇచ్చు బొమ్మ

ఇటీవలి కాలపు కథలకు వత్తము. మధిర సుబ్బన్నదీక్షితులు పండ్రెండు భాగములుగా కూర్చిన కాశీమజిలీ కథలలో మాంత్రికులకును భూతములకును కొదువలేదు. వాని ఛాయలతో 1951 లో వచ్చిన పాతాళభైరవి చలనచిత్రమును చూడని తెలుగువారు అరుదు. అందలి దేవతాప్రతిమ ఎవరిచేత నున్నదో వారి కోరిక తీర్చును. కథానాయకుడు అడిగినను తీర్చును. మాంత్రికుడు దొంగిలించి అడిగినను తీర్చును. తన యిష్టమనునది లేని సేవకు మంచిచెడ్డలు లేవు. కోరిన కోరిక చెడ్డదైనను అది కాదనలేదు. అరబ్బీకథలోని అల్లావుద్దీను దీపభూతమునకును ఇదే గతి.

ఇందులకు భిన్నమైన సేవకుడు కాశీమజిలీలలోనే యున్నాడు. మణిసిద్ధుడను యతి కాశీకి పోవుచు, తోడుగా ఒక గొల్లపిల్లవానిని పిలిచెను. మజిలీ మజిలీకి తాను అడిగిన వింతకు కథ చెప్పవలెనని ఆ పిల్లవాడు ఒప్పందము చేసికొనెను. కథ చెప్పనినాడు వెనుకకు మరలిపోవుటకు వానికి స్వాతంత్ర్యము కలదు. వానికి కూలి కలదు. ఆ కూలిని ముందే నిర్ణయించుకొనెను. పోవుటకు దారి కలదు. పండ్రెండు భాగముల అద్భుతములన్నియు ఒక గొల్లపిల్లవాని న్యాయమైన కూలియే యని తలచినపుడు ఆ గ్రంథముపై గౌరవము పెరుగును.

పాశ్చాత్యులును ఈ విచారమును చేసిరి. చెక్ దేశపు రచయిత కారెల్ చాపెక్ 1920 లో ఒక నాటకము ప్రకటించెను. అందు మనుష్యులు తమ పనులకై కృత్రిమజీవులను తయారుచేయుదురు. చివరకు ఆ జీవులు తిరుగబడును. వానికి చాపెక్ సోదరుడు సూచించిన పేరే రోబో. చెక్ భాషలో రోబోత యనగా జమీందారునకు రైతు చేయవలసిన వెట్టి. ఆ వెట్టి ఆ దేశమున 1848 లో రద్దయ్యెను. నేడు ప్రపంచమంతట యంత్రమనుష్యునకు వాడు మాట అసలు మన వెట్టివాని పేరే.

ఆంగ్లరచయిత్రి జె.కె. రౌలింగ్ 1997 మొదలు 2007 వరకు ప్రకటించిన హారీ పాటర్ కథలను మన ఇండ్ల పిల్లలును ఎరుగుదురు. అందు ఇంటిచాకిరి చేయు మరుగుజ్జు భూతజాతి యొకటి కలదు. యజమాని బట్ట యిచ్చినగాని వానికి విడుదల లేదు. డాబీ యనువాడు ఒక మేజోడు దొరకి విముక్తుడై సంతోషించును. వింకీ యను మరియొకతె విడుదలయైనందుకే కుమిలి యేడ్చును. వారికి చాకిరియే యిష్టము, మీకేల బాధ యని ఆ కథలో పెక్కుమంది వాదింతురు. ఈ వాదము మన ఊళ్లకు కొత్తది కాదు. తాతలనాటినుండి చేయుచున్నారు, వారికి కష్టము లేదు, దొర యన్నచో వారికి ప్రాణమని మన పెద్దమనుష్యులును చెప్పిరి. కాదనువానికి కూడు పుట్టని చోట, ఔనన్న మాటకు విలువ కట్టరాదు.

లెక్కకెక్కని పని

ఇక కథలు విడిచి చరిత్రకు రావలెను. నిజాం రాజ్యమున జాగీరుదారులు, దేశ్‌ముఖులు, మక్తాదారులు, పర్యటనకు వచ్చు అధికారులు ప్రజలచే కూలి లేక చేయించుకొన్న పనిని వెట్టి యనిరి. కుమ్మరి కుండలు ఇయ్యవలెను. మాదిగవారు చెప్పులు, తొండములు, పగ్గములు కుట్టి యియ్యవలెను. చాకలి, మంగలి, బెస్త, గొల్ల – ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క వంతు. రైతు తన పొలము పదును ఆరిపోవుచున్నను ముందు దొర పొలము దున్నవలెను. అధికారి మకామునకు కోళ్లు, పాలు, కట్టెలు, గడ్డి ఊరిమీద పడును. దొర కూతురు అత్తవారింటికి పోవునపుడు వెంట పంపబడిన ఆడబాపల బ్రతుకు వినత బ్రతుకుకంటె దుర్భరము. వారికి గరుడుడు పుట్టలేదు.

భగేలా యనునది మరియొక పద్ధతి. పెండ్లికో, తిండికో తీసికొన్న కొద్దిపాటి అప్పునకు జీతగాడు దొర యింట కట్టుబడును. వడ్డీ తరుగదు, పని తరుగదు, తండ్రి పోయిన తరువాత కొడుకు ఆ బరువునకు వీపు ఒగ్గును. గరుడుడు చూడని గుఱ్ఱమునకు మోసినట్లే, ఈ కొడుకు తాను వేయని వ్రేలిముద్రకు మోసెను. నిజాం ప్రభుత్వము 1936 లో భగేలా ఒప్పందములను నియంత్రించుటకు శాసనము చేసినను ఆ పద్ధతి అంతటితో పోలేదు.

ఈ సందర్భమున ఒక నిజము చెప్పక తప్పదు. పటేలు పట్వారీలును ఈ పాపమున భాగస్వాములే. ఎవరి వంతు ఏనాడో చూచి పిలిపించినది వారే. సేత్వారులో భూమి విస్తీర్ణము గుంటలతో సహా ఎక్కినది. పహాణీలో పైరు ఎక్కినది, బావి ఎక్కినది, చింతచెట్టు ఎక్కినది. చాకలి ఎన్ని దినములు ఊరక పనిచేసెనో, బెస్త ఎన్ని క్రోశులు మోసెనో ఏ దస్తరములోను ఎక్కలేదు. చెట్టునకున్న పద్దు మనిషి చెమటకు లేకపోయెను.

లెక్కలు వ్రాయనిదానిని గ్రంథాలయములు వ్రాసినవి. 1901 లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము, 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినవి. 1921 లో పుట్టిన ఆంధ్రజనసంఘము గ్రంథాలయముల స్థాపనను, వెట్టిచాకిరి నిర్మూలనమును రెంటిని తన పనిగా జేసికొనెను. సంఘమునకు ప్రాణమైన మాడపాటి హనుమంతరావుగారు ఈ యుద్యమచరిత్రను తెలంగాణా ఆంధ్రోద్యమము అను గ్రంథముగా రచించిరి. 1930 లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన మొదటి ఆంధ్రమహాసభ జరిగెను. 1935 లో నాలుగవ మహాసభకు సిరిసిల్ల వేదిక యయ్యెను. దానికి మాడపాటివారే అధ్యక్షులు. చదువు వచ్చినవాడు చదువురానివానికి పత్రిక చదివి వినిపించుటయే ఆనాడు గరుడుని ప్రశ్నకు నాంది. మేమేల చేయవలెనను మాట గ్రంథాలయపు అరుగులమీద మొలకెత్తెను.

1948 సెప్టెంబరు 17 న నిజాం పాలన ముగిసెను. 1949 లో జాగీర్లు రద్దయినవి. 1950 జనవరి 26 న అమలులోనికి వచ్చిన భారతరాజ్యాంగము ఇరువదిమూడవ అధికరణమున వెట్టిని నిషేధించెను. 1976 లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టము పార్లమెంటున ఆమోదింపబడి, కట్టుబానిసల అప్పులను రద్దుచేసెను. ఇన్ని శాసనములు వచ్చిన తరువాతను కరీంనగరు జిల్లా పల్లెలలో వెట్టి నిలిచియుండెను. 1978 సెప్టెంబరు 7 న జగిత్యాలకు వేలకొలది వ్యవసాయకూలీలు, పేదరైతులు నడచివచ్చిరి. దానినే జగిత్యాల జైత్రయాత్ర యందురు. వెట్టి మానవలెను, కూలి పెంచవలెనను కోరికలు వారివి. ఆ యేడే అక్టోబరులో ప్రభుత్వము జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలితప్రాంతములుగా ప్రకటించెను. తరువాత నడచిన సంవత్సరములలో ఉభయపక్షముల రక్తము ఈ నేలమీద పడెను. ఎవరి మార్గము సరియైనదను వాదము నేటికిని తెగలేదు. రాజ్యాంగము వెట్టిని నిషేధించిన ఇరువదియెనిమిదేండ్లకు గూడ, కుండను పగులగొట్టుమని దాసుడే పోయి అడుగవలసివచ్చెనను సంగతి మాత్రము వాదమునకు అతీతము.

నేటి రెక్కలు

2016 అక్టోబరులో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలైనవి. గడీలు పాడుపడినవి. కాని కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ఊళ్లనుండి బ్రతుకుతెరువునకు గల్ఫు దేశములకు పోవువారు ఎందరో కలరు. ఏజెంటునకు ఇచ్చుటకు ఊరిలో అప్పు. అచ్చట కఫీలు చేతిలో పాస్‌పోర్టు. యజమాని ఒప్పుకొననిదే పని మారరాదు, దేశము విడువరాదను నిబంధనలను కొన్ని దేశములు 2020 తరువాత సడలించినవి. అయినను చెప్పిన పని యొకటి, చేయించుకొనునది మరియొకటి యైనపుడు, అప్పు తీరక, ఇంటికి రాలేక నలిగినవారి గాథలు ఈ ఊళ్లలో వినబడుచునే యున్నవి. వీరు తమంతట తాము పోయినవారు గదా యని అనవచ్చును. వినతయు పందెమునకు తానే ఒప్పుకొనెను. ఒప్పుకొన్న విషయమున మోసమున్నచో ఆ ఒప్పందము ఒప్పందము కాదని కథ చెప్పుచున్నది.

కావున పక్షియైనను, భూతమైనను, యంత్రమైనను, మనిషియైనను – ఒకడు సేవకుడో, దాసుడో తెలిసికొనుటకు రెండు ప్రశ్నలు చాలును. ఏల చేయవలెనని అతడు అడుగవచ్చునా? చేయనని చెప్పి పోవచ్చునా? రెంటికిని ఔనన్న చోట పల్లకి మోసినను అది గౌరవమైన పని. రెంటికిని కాదన్న చోట పట్టుపరుపుమీద కూర్చుండబెట్టినను అది దాస్యము. మూడవ ప్రశ్న విముక్తుడైన వానికి: నీ రెక్కలు విప్పుకొన్నపుడు ఏ నిషాదుని మ్రింగితివి?

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు బీరువాలలో ఆదిపర్వమును, కాశీమజిలీలును, ఆంధ్రోద్యమచరిత్రయు పక్కపక్కన నిలిచియున్నవి. పుస్తకములు ఇచ్చిపుచ్చుకొను రిజిస్టరులో దొరబిడ్డ పేరును, జీతగాని బిడ్డ పేరును ఒకే వరుసలో, ఒకే సిరాతో వ్రాయబడినవి. గ్రామమున అట్టి పద్దుపుస్తకము మరియొకటి లేదు. ఆ పుస్తకము ఇంకను పెక్కేండ్లు నిండుచుండుగాక.